బీపీ బిళ్ళ పడటం లేదా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

బీపీ బిళ్ళలు మానేసినవాళ్ళను ఎందుకు మానేశారని అడిగితే చాలామంది ఒకటే చెబుతారు: "నాకు పడలేదండీ." ఏ బిళ్ళ పడలేదంటే పేరు గుర్తుండదు, స్ట్రిప్పు ఎప్పుడో పారేసి ఉంటారు. పని చెడేది అక్కడే. బీపీ మందుల్లో అయిదారు రకాలున్నాయి, ఒక్కో రకం పెట్టే ఇబ్బంది ఒక్కో తీరు. ఏ బిళ్ళ వల్ల ఏమైందో తెలిస్తే డాక్టరు మోతాదు తగ్గిస్తారు, వేసుకునే వేళ మారుస్తారు, లేదంటే వేరే రకం ఇస్తారు. తెలియకపోతే అదే మందు ఇంకో కంపెనీ పేరుతో మళ్ళీ మీ చేతికి రావచ్చు.

ముందు స్ట్రిప్పు చదవండి

పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో ఉండేది అసలు మందు. మీకు కావాల్సింది ఆ చిన్న అక్షరాలే. పేరు చివరి తోకల్ని కూడా గమనించండి. టెల్మా అంటే టెల్మిసార్టన్ ఒక్కటే. టెల్మా-ఏఎంలో దానికి ఆమ్లోడిపిన్ తోడవుతుంది, టెల్మా-హెచ్‌లో హైడ్రోక్లోరోథయజైడ్ అనే నీటి బిళ్ళ (ఒంట్లోని నీటినీ ఉప్పునూ మూత్రంలో పంపేసేది), టెల్మా-సీటీలో క్లోర్‌థాలిడోన్ అనే మరో నీటి బిళ్ళ.

ఇది తెలియక జరిగే పొరపాటు ఒకటుంది. విజయవాడలో ప్రైవేటు డాక్టరు రాసిన ఏఎం బిళ్ళ ఉదయం వేసుకుంటారు. ఊళ్ళో ప్రభుత్వ క్లినిక్కులో ఉచితంగా ఇచ్చిన ఆమ్లోడిపిన్ రాత్రి వేసుకుంటారు. రెండూ వేర్వేరు మందులనుకుంటారు గానీ రోజూ పడుతున్నది రెట్టింపు ఆమ్లోడిపిన్. ఎక్కడికి వెళ్ళినా ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి.

సాయంత్రానికి కాళ్ళకు నీరు దిగుతోంది

చెప్పులు బిగుసుకుపోతాయి, చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతుంది, తెల్లారేసరికి కొంత తగ్గుతుంది. రెండు కాళ్ళకూ ఇలాగే ఉండి, ఆయాసం లేకపోతే మొదట అనుమానించాల్సింది ఆమ్లోడిపిన్‌నే. 5 ఎంజీతో కొందరికే వస్తుంది, 10 ఎంజీకి పెంచినప్పుడు చాలా ఎక్కువమందికి వస్తుంది. పగలంతా కౌంటర్ దగ్గర నిలబడేవాళ్ళకు, హైదరాబాదు బస్సులో కాళ్ళు వేలాడేసి కూర్చున్నవాళ్ళకు మరీ కనబడుతుంది.

కారణం తెలిస్తే పరిష్కారం అర్థమవుతుంది. ఆమ్లోడిపిన్ రక్తాన్ని తెచ్చే సన్నని నాళాలను బాగా వెడల్పు చేస్తుంది, తిరిగి తీసుకుపోయే సిరలను అంతగా చేయదు. రావడం ఎక్కువ, పోవడం మామూలే. దాంతో మధ్యలో ఒత్తిడి పెరిగి నీరు కండలోకి ఊరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదిది. అందుకే మందుల షాపులో అడిగి నీటి బిళ్ళ వేసుకుంటే వాపు పెద్దగా తగ్గదు, పైగా సోడియం, పొటాషియం పడిపోతాయి.

పనిచేసేవి మూడు మార్గాలు: 10 నుంచి 5కు తగ్గించడం, టెల్మిసార్టన్ లాంటి సార్టన్ మందును జతచేయడం (ఇది సిరలను కూడా వెడల్పు చేస్తుంది కాబట్టి ఒత్తిడి దిగుతుంది), లేదా వాపు తక్కువ తెచ్చే సిల్నిడిపిన్‌కు మారడం. మూడింటిలో ఏది అన్నది డాక్టరు తేల్చాలి. కాళ్ళు దిండు మీద ఎత్తి పెట్టుకోవడం ఆ పూటకు ఉపశమనం, అంతే.

ఒక కాలే వాచి పిక్క నొప్పిగా ఉన్నా, వాపుతోపాటు పడుకుంటే ఆయాసం వస్తున్నా, పొద్దున ముఖం ఉబ్బుతున్నా, మూత్రం తగ్గినా బిళ్ళ మీద నెట్టేయకండి. నాళంలో గడ్డకట్టిన రక్తమో, గుండో, కిడ్నీనో కారణం కావచ్చు. అదే రోజు చూపించుకోవాలి.

ఆమ్లోడిపిన్‌తో చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదికి పెరగడం కూడా అప్పుడప్పుడు జరుగుతుంది. పళ్ళ డాక్టరు అడిగినా అడగకపోయినా మీరే ఈ మందు పేరు చెప్పండి. మొదటి వారంలో వచ్చే తలనొప్పి, ముఖంలో వేడి చాలామందికి వాటంతటవే పోతాయి.

పొడి దగ్గు వదలడం లేదు

పేరు చివర "ప్రిల్" ఉన్న బిళ్ళలు, అంటే ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్ లాంటివి. ఇవి ఒంట్లో బ్రాడికైనిన్ అనే పదార్థం విచ్ఛిన్నం కాకుండా ఆపుతాయి. అది పేరుకుని గొంతులో గరగర, కఫం లేని దగ్గు. బిళ్ళ మొదలుపెట్టిన వారానికి రావచ్చు, కొన్ని నెలలకూ రావచ్చు. అందుకే బిళ్ళకూ దగ్గుకూ లంకె ఎవరికీ తట్టదు, సిరప్పుల మీద సిరప్పులు మారుస్తారు.

గుంటూరులో ఇంకో చిక్కుంది. మిర్చి యార్డులో, కారం మిల్లుల్లో పనిచేసేవాళ్ళు దగ్గంతా ఘాటు వల్లే అనుకుంటారు. ఘాటు దగ్గయితే తుమ్ములు, ముక్కు కారడం, కళ్ళ మంట తోడుంటాయి, యార్డు సెలవుల్లో తగ్గుతుంది. బిళ్ళ దగ్గుకు సెలవు లేదు. ఇంట్లో పడుకున్నా వస్తుంది. అయితే దగ్గు ఏదైనా రెండు వారాలు దాటినా, కళ్ళె వస్తున్నా, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉన్నా క్షయ పరీక్ష ముందు చేయించాలి.

పరిష్కారం ప్రిల్ నుంచి సార్టన్‌కు మారడం. మార్చాక సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో దగ్గు పోతుంది, కొందరికి మూడు నెలల దాకా పట్టవచ్చు. వారంలో పోలేదని కొత్త బిళ్ళను తప్పుపట్టవద్దు.

పెదవులు, నాలుక, ముఖం వాచితే అది వేరే సంగతి. తర్వాతి బిళ్ళ వేసుకోకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి. గాలి దారి మూసుకుపోవచ్చు. ఒకసారి అలా అయినవాళ్ళు ప్రిల్ బిళ్ళ జన్మలో మళ్ళీ వేసుకోకూడదు.

లేచి నిలబడితే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి

కొలిచి చూడండి. అయిదు నిమిషాలు కూర్చుని లేదా పడుకుని ఒకసారి బీపీ, నిలబడ్డాక ఒకటో నిమిషంలో ఒకసారి, మూడో నిమిషంలో ఒకసారి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే నిలబడినప్పుడు బీపీ జారుతున్నట్టే. ఆ అంకెలు కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి, "తల తిరుగుతోంది" అన్న మాటకన్నా అవి ఎంతో ఎక్కువ చెబుతాయి.

ప్రాజోసిన్ అనే బీపీ బిళ్ళ అయితే మొదటిదానికే ఇలా కావచ్చు, మోతాదు పెంచిన రోజూ కావచ్చు. అందుకే దాన్ని పడుకునే ముందు మొదలుపెడతారు. రాత్రి మూత్రానికి లేచేటప్పుడు మంచం అంచున కాళ్ళు దించి ఒక నిమిషం కూర్చుని లేవాలి. మగవాళ్ళు రాత్రిపూట కూర్చునే మూత్రం పోసుకుంటే పడిపోయే భయం తగ్గుతుంది.

రోహిణి కార్తెలో మన దగ్గర కథ మారిపోతుంది. చెమటకు నీరూ ఉప్పూ పోతాయి, నీటి బిళ్ళ కూడా అవే తీసేస్తుంది, రెండూ కలిస్తే చలికాలంలో సరిపోయిన మోతాదు మే నెలకు ఎక్కువైపోతుంది. ఎండలు ముదిరాక వారంలో రెండు మూడు రోజులు బీపీ చూసుకోండి. పై అంకె 110 లోపు వస్తూ తల తిరుగుతుంటే మోతాదు తగ్గించాలేమో డాక్టరును అడగండి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు మరీ జాగ్రత్త. ఒంట్లో నీరు లేనప్పుడు సార్టన్ లేదా ప్రిల్, నీటి బిళ్ళ, పైన నొప్పుల బిళ్ళ మూడూ కలిస్తే కిడ్నీ దెబ్బతింటుంది. అలాంటి రోజున బిళ్ళ ఆపాలా, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది ఇప్పుడే, బాగున్నప్పుడే డాక్టరును అడిగి రాసిపెట్టుకోండి.

బీపీ 190 నుంచి 130కి దిగిన కొత్తలో, అంకెలు బాగున్నా నీరసంగా ఉంటుంది. ఎక్కువ ఒత్తిడికి అలవాటుపడిన ఒళ్ళు సర్దుకోవడానికి రెండు మూడు వారాలు కావాలి. ఈ దశలోనే ఎక్కువమంది మానేస్తారు. దయచేసి ఆ కాస్త ఓపిక పట్టండి.

పిక్కలు పట్టేయడం, పెద్దవాళ్ళు తికమకపడటం

నీటి బిళ్ళలతో పొటాషియం తగ్గితే పిక్కలు పట్టేస్తాయి, గుండె దడ వస్తుంది. సోడియం తగ్గితే ముందు నీరసం, వికారం. తర్వాత పెద్దాయన పొంతన లేకుండా మాట్లాడటం, నడకలో తూలడం. వయసు మీద పడిందని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకుంటారు, అది తప్పు. నీటి బిళ్ళ వేసుకుంటున్న పెద్దవాళ్ళు కొత్తగా తికమకపడితే ఆ రోజే సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) రక్తపరీక్ష చేయించాలి. బొటనవేలి కీలు ఉన్నట్టుండి ఎర్రగా వాచి మండితే యూరిక్ యాసిడ్ కూడా చూడాలి, నీటి బిళ్ళ దాన్నీ పెంచుతుంది.

సార్టన్లు, ప్రిల్‌లు, స్పైరోనోలాక్టోన్ అనే వేరే రకం నీటి బిళ్ళ దీనికి ఎదురు, పొటాషియాన్ని పెంచుతాయి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. కిడ్నీ బలహీనంగా ఉండి ఈ బిళ్ళలు వాడేవాళ్ళు ఆ ఉప్పు, రోజూ కొబ్బరి బొండాం డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. సార్టన్ మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు ఒకసారి క్రియాటినిన్, పొటాషియం చూపించుకోవడం మంచిది. గర్భం కోసం ప్రయత్నిస్తున్న ఆడవాళ్ళు ఈ సార్టన్, ప్రిల్ బిళ్ళలు వాడుతుంటే ముందుగానే చెప్పి మార్పించుకోవాలి, బిడ్డకు హాని.

అడుగు ముందుకు పడటం లేదు, నాడి నెమ్మదించింది

మెటోప్రొలాల్, అటెనోలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తాయి. దుర్గమ్మ కొండ మెట్లెక్కుతుంటే కాళ్ళు బరువెక్కడం, చేతులు చల్లబడటం అందుకే. నాడి నిమిషం పాటు లెక్కపెట్టండి. 50 లోపు ఉండి తల తిరిగితే, పిల్లికూతలతో ఆయాసం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. షుగరుకు ఇన్సులిన్ వాడేవాళ్ళకు ఇంకో మాట: షుగర్ పడిపోయినప్పుడు వచ్చే వణుకు, దడ ఈ బిళ్ళ వల్ల తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. చెమటే గుర్తు.

వీటినీ, క్లోనిడిన్ అనే మరో బీపీ బిళ్ళనూ ఒక్కరోజులో ఆపకూడదు. క్లోనిడిన్ టక్కున ఆపితే బీపీ ముందుకన్నా పైకి ఎగబాకుతుంది. మెటోప్రొలాల్ ఆపితే గుండెనొప్పి రావచ్చు. తగ్గించుకుంటూ మానాలి. ఊరెళ్ళేటప్పుడు నాలుగు బిళ్ళలు ఎక్కువే పెట్టుకోండి.

దాంపత్యంలో ఇబ్బంది కూడా ఈ బిళ్ళలతో, నీటి బిళ్ళలతో రావచ్చు. సిగ్గుపడి చెప్పకుండా బిళ్ళ మానేసే మగవాళ్ళు చాలామంది. చెబితే సార్టన్‌కు మార్చే వీలుంది. సొంతంగా సిల్డెనఫిల్ కొనుక్కోవద్దు, ప్రాజోసిన్‌తోనో, నాలుక కింద పెట్టుకునే గుండె బిళ్ళతోనో కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

బిళ్ళ వేసుకుంటున్నా బీపీ దిగడం లేదు

మోతాదు పెంచమనే ముందు వీటిని చూసుకోండి.

మోకాళ్ళ నొప్పికి వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎటోరికాక్సిబ్ బీపీని పెంచుతాయి, బీపీ మందు పని తగ్గిస్తాయి. జలుబు బిళ్ళల్లో ఉండే ఫినైలెఫ్రిన్ కూడా అంతే. షాపులో ఏ బిళ్ళ కొన్నా "నాకు బీపీ ఉంది" అని ముందు చెప్పండి.

ఉప్పు రోజుకు అయిదు గ్రాముల లోపు, సుమారు ఒక టీ చెంచా. అన్నంలో పైన చల్లుకోవడం లేదు కదా అనుకుంటారు. ఆవకాయలో కారానికీ ఆవపిండికీ దీటుగా ఉప్పు పడుతుంది. గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఉప్పేసిన మజ్జిగ అన్నీ కలిపి లెక్కెయ్యండి.

టెల్మిసార్టన్ బిళ్ళ గాలిలో తేమను పీల్చుకుంటుంది. వారానికి సరిపడా విడదీసి డబ్బాలో పోయడం మన కృష్ణ ఒడ్డు తేమలో అసలు పనికిరాదు. వేసుకునే క్షణం దాకా స్ట్రిప్పులోనే ఉండాలి. ఎక్స్‌ఎల్, ఈఆర్ అని ఉన్నవి మందును నెమ్మదిగా వదిలే బిళ్ళలు, వాటిని నమలకూడదు, పొడిచేయకూడదు.

కొలిచే తీరు సరిగా లేకపోయినా అంకె పెరుగుతుంది. కాఫీ, సిగరెట్ అరగంట ముందే ఆపి, మూత్రానికి వెళ్ళొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీ మోచేతి పైన, గుండె ఎత్తులో. లావు చేతికి చిన్న పట్టీ వేస్తే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఉదయం బిళ్ళకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం తేడాతో, ఏడు రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. ఇంట్లో సగటు 135/85 దాటితే ఎక్కువ కింద లెక్క. టెల్మిసార్టన్ పూర్తిగా పనిచేయడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, మూడో రోజుకే తీర్పు చెప్పకండి.

ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, తర్వాతి పూట దగ్గరపడితే వదిలేయండి. రెండు కలిపి మింగవద్దు.

180/120 దాటి, ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబడటం, చూపు మసక వీటిలో ఏదున్నా 108. ఏ లక్షణమూ లేకుండా ఆ అంకె వస్తే అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ కొలిచి, అదే ఉంటే ఆ రోజే డాక్టరును కలవండి. అదనపు బిళ్ళ సొంతంగా వేసుకోవద్దు.

పడని మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఇబ్బంది మొదలైన తేదీ, మానాక ఎన్నాళ్ళకు తగ్గింది, ఈ అయిదూ ఒక చీటీ మీద రాసి ఆధార్ కార్డు పక్కనే పర్సులో పెట్టుకోండి. మందుల దుష్ప్రభావాలను రోగులే నేరుగా చెప్పుకోవడానికి కేంద్ర ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. ఫోన్ చేసేటప్పుడు ఆ చీటీతోపాటు స్ట్రిప్పు కూడా చేతిలో ఉంచుకోండి, బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటుంది.