అపార్ట్‌మెంట్‌లో నీళ్ల సర్వే ఎలా చేయాలి?

మా అపార్ట్‌మెంట్‌లో ఓసారి నీళ్ల గురించి వాట్సాప్ పోల్ పెట్టారు. ఓటేసినవాళ్లలో దాదాపు అందరూ ‘చాలట్లేదు’ అనే నొక్కారు. కుళాయి బాగా వచ్చేవాళ్లు ఆ పోల్ తెరిస్తే కదా! అందుకే పోల్ మానేసి ఇలా చేయండి.

మొదట, సర్వే ఎవరి గురించో తేల్చుకోండి. ఆరంతస్తుల్లో, అంతస్తుకు 40 చొప్పున 240 ఫ్లాట్లు ఉన్నాయనుకుందాం. అదే మీ సముదాయం. ఖాళీ ఫ్లాట్లను కలపాలో వద్దో ఇప్పుడే అనుకోండి.

తర్వాత ప్రశ్నలు రాసుకుని, ఒక్కోదానికి ఎలాంటి జవాబు వస్తుందో పక్కనే రాయండి. చాలామంది తడబడేది ఇక్కడే. అంకె కనబడగానే సగటు కట్టేస్తారు. ఫ్లాట్ నంబరు, పిన్‌కోడ్ అంకెల్లో ఉన్నా నిజానికి పేర్లే, వాటికి సగటేమిటి? ‘బాగుంది, పర్లేదు, బాగోలేదు’ అనేవాటికి ఒక వరస ఉంది, కానీ మధ్య దూరం ఎంతో తెలియదు. వాటికి 3, 2, 1 మార్కులిచ్చి సగటు 2.3 అనడం నాకు నచ్చదు, మధ్యగతం (జవాబులన్నీ వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) చాలు. ఇంట్లో ఎంతమంది అన్నది లెక్కపెట్టేది, మూడున్నర మంది ఉండరు. రోజుకు ఎన్ని లీటర్లు అన్నది కొలిచేది, 412.5 కూడా రావచ్చు. వీలైతే లీటర్లే అడగండి. లీటర్లు తెలిస్తే ఎక్కువో తక్కువో మనమే విడగొట్టుకోవచ్చు. ‘ఎక్కువే వాడతాం’ అన్న జవాబులోంచి లీటర్లు రావు.

ఇక శాంపిల్. 24 ఫ్లాట్లు చాలనుకుంటే, ప్రతి పదో ఫ్లాటూ తీసుకోవడం తేలిక. 1 నుంచి 10 దాకా రాసిన చీటీల్లోంచి ఒకటి తీస్తే 7 వచ్చిందనుకోండి, వరసలో 7, 17, 27... అలా. అయితే అంతస్తులోని ఆ 40 ఫ్లాట్లు నాలుగు బ్లాకుల్లో పదేసి చొప్పున ఉంటే చిక్కే: ప్రతి అంతస్తులోనూ ఏడో ఫ్లాటే వస్తుంది, అంటే బ్లాకుకు ఒకే పైపు లైను చూసినట్టు! నీళ్ల తేడా అంతస్తును బట్టి కాబట్టి, ఒక్కో అంతస్తు చీటీలు విడిగా డబ్బాలో వేసి, బాగా కలిపి, నాలుగేసి తీయండి.

‘ఇరవై నాలుగేనా?’ అని ఎవరైనా అంటే 1936 అమెరికా ఎన్నికల సంగతి చెప్పండి. లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి దాకా బ్యాలెట్లు పంపితే 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అధ్యక్ష పదవికి రూజ్‌వెల్ట్‌పై పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని ఆ పత్రిక రాసింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. టెలిఫోన్, కారు ఉన్నవాళ్ల జాబితాలు పట్టుకుని, ఓపిగ్గా బదులిచ్చినవాళ్ల మాటే నమ్మడం వల్ల వచ్చిన తిప్పలు.

చీటీలో వచ్చిన ఫ్లాటుకు తాళం ఉంటే పక్కింటి తలుపు కొట్టకండి. పగలంతా ఇంట్లో ఉండేవాళ్ల వాడకం వేరు. సాయంత్రం మళ్లీ ఆ ఇంటికే వెళ్లండి.