ఇంట్లో గాలి – 4వ పాఠం: దారి ఇచ్చాం, దిక్కు మాటేమిటి?

పోయిన పాఠంలో ఎదురెదురు కిటికీలు తెరిచి గాలికి దారి ఇమ్మన్నాను. ఇచ్చారు. గాలి బాగానే ఆడింది కానీ, చాలామంది ఇళ్లలో వంటగది పొగ తిన్నగా పడకగదిలోకి వచ్చి పడింది. "దీనికంటే కిటికీలు మూసుకున్నప్పుడే నయం" అన్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఈసారి చెప్పాల్సిన తేమ సంగతి వచ్చే పాఠానికి జరిపాను. ముందు ఇది తేలాలి.

ఆ ఇళ్లలో బయటి గాలి వంటగది వైపు నుంచి వీచింది. లోపలికొచ్చి, పొయ్యి మీది పొగను వెంటబెట్టుకుని, హాలు దాటి పడకగది కిటికీలోంచి పోయింది. గాలి మారిన మాట నిజమే, ఇల్లంతా మురికి తిప్పాక మారింది. మురికి పుట్టే గది ఎప్పుడూ గాలి బయటికి పోయే కొసన ఉండాలి. వంటగదికైనా స్నానాల గదికైనా ఇదే లెక్క. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టుకునేది ఇందుకే. ఫ్యాన్ బిగించడం, తుడవడం మీకు తెలిసిన పనే, వదిలేస్తున్నాను.

అసలు చిక్కు ఇక్కడుంది. ఫ్యాన్ వేసి, దాని పక్కనే ఉన్న కిటికీ బార్లా తెరుస్తారు. ఎన్నిసార్లు చెప్పినా ఈ అలవాటు పోదు, చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది. ఫ్యాన్ ఎంత గాలి బయటికి తోస్తే అంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాలి. దగ్గర దారి ఉండగా అది దూరం నుంచి రాదు. పక్క కిటికీలోంచి వచ్చింది వచ్చినట్టే ఫ్యాన్‌లోంచి పోతుంది, పొయ్యి దగ్గరి పొగ ఉన్నచోటే ఉంటుంది. ఫ్యాన్ మోత వినిపిస్తుంది కాబట్టి పని జరుగుతోందని మనం అనుకుంటాం. ఫ్యాన్‌కు ఆనుకుని ఉన్న వెంటిలేటరూ అంతే. వంటగదికి అతుక్కుని ఉన్న బాల్కనీ తలుపూ అంతే. అవతలి గది కిటికీ తెరిచి, ఆ గది తలుపు మూసేసినా లాభం లేదు.

నమ్మకం కలగకపోతే టిష్యూ కాగితాన్ని సన్నటి పీలికగా చించి వంటగది గుమ్మంలో వేలాడదీయండి. పక్క కిటికీ తెరిచి ఉన్నంతసేపూ పీలిక దాదాపు నిలకడగా ఉంటుంది. దాన్ని మూసి, ఇంటికి అవతలి కొసన ఉన్న గది కిటికీ తెరవండి, మధ్య తలుపులు తీసి ఉంచండి. పీలిక వంటగదిలోకి వాలుతుంది. వాలకపోతే ఎక్కడో ఇంకో దగ్గర దారి ఉందన్నమాట, వెతకండి.

అలాగని అన్నీ మూసేసి ఫ్యాన్ వేయకండి. అప్పుడు గాలి తలుపుల సందుల్లోంచి, తూముల్లోంచి కూడా రావచ్చు. ఇంట్లో పొగగొట్టం ఉన్న గ్యాస్ గీజర్ ఉంటే దాని పొగను వెనక్కి లాగే ప్రమాదం ఉంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. దానికి రంగూ వాసనా లేవు, ప్రాణం తీస్తుంది. అలాంటి ఇంట్లో దాని అలారం తప్పకుండా పెట్టుకోండి.

నా పద్ధతి: స్టవ్ వెలిగించకముందే ఫ్యాన్ వేస్తాను, ఆపాక పావుగంట తిరగనిస్తాను. చిమ్నీ ఉంటే వెనక బర్నర్ మీదే వండుతాను, పొగ బాగా అందుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఉన్న గాలినే తిప్పుతుంది. హెపా ఫిల్టర్ ఉన్న ప్యూరిఫయర్ సన్నటి ధూళిని పడుతుంది గానీ, మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను తీయలేదు.

అభ్యాసం కాస్త కష్టమే, అయినా చేయండి. గదిలో గాలి ఎంత మారుతోందో తెలియడానికి ఎన్‌డీఐఆర్ సెన్సర్ (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో వాయువును కొలిచేది) ఉన్న కార్బన్ డయాక్సైడ్ మీటర్ సంపాదించండి, చవక రకాలు అంచనాతో అంకె చూపిస్తాయి. బయటి గాలిలో సుమారు 420 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 420 పాళ్లు, ఉంటుంది. గదిలో 1,000 దాటితే గాలి చెడినట్టు లెక్క అని 1858లోనే జర్మనీలో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే ఆరోగ్యశాస్త్రవేత్త చెప్పాడు. ఇద్దరు పడుకుని తలుపులు మూసుకున్న గదిలో తెల్లారేసరికి 2,000 దాటడం మామూలే.

పొద్దున్నే మీటర్‌ను ఆ గదిలోనే ఉంచి అందరూ బయటికి రండి. అంకెలోంచి బయటి 420 తీసేయండి, మిగిలినది సగానికి రావడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. 1,420 నుంచి 920కి 20 నిమిషాల్లో వస్తే, 42ను 20తో భాగించండి (ఈ 42 ఎప్పుడూ మారదు, గంటలోని 60 నిమిషాలను 0.69తో గుణిస్తే వచ్చేది): గంటకు సుమారు రెండుసార్లు గాలి మారుతోంది. ఒకరోజు కిటికీ మూసి, ఒకరోజు పడకగది కిటికీ తెరిచి, ఇంకోరోజు దానికి తోడు వంటగది ఫ్యాన్ వేసి చూడండి. మూడు అంకెలూ రాసిపెట్టుకోండి, తేమ పాఠం వాటితోనే మొదలవుతుంది.