‘ఎంకరేజ్’ను ఇంగ్లీషు వాక్యంలో సరిగ్గా వాడడం ఎలా?

ఈ మాట మనకు కొత్తది కాదు. "పిల్లల్ని ఎంకరేజ్ చెయ్యండి" అని బడిలో చెబుతారు, "వాడి అల్లరిని ఎంకరేజ్ చెయ్యకు" అని ఇంట్లో కసురుతాం. ఇంగ్లీషులో మాట్లాడాల్సి వచ్చినప్పుడే తడబడతాం.

1. ముందు పలకడం సరిచేసుకోండి. చివర ‘రేజ్’ అని సాగదీయకూడదు, ‘రిజ్’ అని తేల్చేయాలి. ఊనిక మధ్యలోని ‘క’ మీద: ఇన్‌కరిజ్.

2. అర్థం పట్టుకోండి. ఇందులోనే ‘కరేజ్’ ఉంది, అంటే ధైర్యం. దాని వేరు లాటిన్‌లో గుండెను చెప్పే ‘కోర్’. మనం గుండెధైర్యం అన్నట్టే! చేయాలని ఉన్నా జంకుతున్న మనిషి వెన్నుతట్టడమే ఈ క్రియ.

‘ఇన్‌స్పైర్’ (స్ఫూర్తినివ్వడం) దీనికి భిన్నమైనది. 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. అది చూసి చిన్నారి సింధు బ్యాడ్మింటన్ వైపు మళ్లింది. అది ఇన్‌స్పైర్ చేయడం, దానికి పరిచయం అక్కర్లేదు. తర్వాత ఆయనే కోచ్ అయ్యారు, 2016 రియో ఒలింపిక్స్‌లో ఆమె రజతం గెలిచినప్పుడూ ఆయనే కోచ్. పక్కనుండి "నువ్వు ఆడగలవు" అని కోచ్ చెప్పే మాటకైతే ఇన్‌కరిజ్ సరిపోతుంది.

3. వాక్యం అల్లండి. ఎక్కువ తప్పులు ఇక్కడే, కాబట్టి నిదానంగా చూడండి. ముందు తెలుగులో అనుకోండి: "అమ్మ నన్ను చదవమని ప్రోత్సహించింది." ‘నన్ను’ అన్నది ‘మీ’ అవుతుంది, క్రియ పక్కనే కూర్చుంటుంది. ‘చదవమని’లోని ‘మని’ పనిని ‘టు’ చేస్తుంది. మై మదర్ ఇన్‌కరిజ్డ్ మీ టు స్టడీ. ‘ఇన్‌కరిజ్డ్ టు మీ’ అన్నా, ‘ఫర్ స్టడీయింగ్’ అన్నా తప్పే. చదువుకున్నవాళ్ల ఉత్తరాల్లోనూ ఈ రెండూ కనిపిస్తుంటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ‘మని’ ఒక్కటి గుర్తుంటే రెండో తప్పు దానంతటదే పోతుంది.

మనిషిని కాక పనినే ప్రోత్సహిస్తే ‘టు’ అవసరం లేదు: అవర్ స్కూల్ ఇన్‌కరిజెస్ రీడింగ్.

4. వ్యతిరేకం ‘డిస్కరిజ్’. దీనికి ‘టు’ కాదు, ‘ఫ్రమ్’ కావాలి, దాని వెనక క్రియకు ‘ఇంగ్’ చేరుతుంది. "అప్లై చేయొద్దని నన్ను నిరుత్సాహపరిచారు" అంటే: దే డిస్కరిజ్డ్ మీ ఫ్రమ్ అప్లయింగ్.

5. ఇక మీ వంతు. మీ వెన్నుతట్టిన ముగ్గురిని తలచుకుని, ఒక్కొక్కరి మీద ఒక్కో వాక్యం పైకి చెప్పండి. వీలైతే వాళ్లకే ఫోన్ చేసి చెప్పండి.