రెస్ట్ సాగిపోకుండా టైమర్ పెట్టుకున్నా
కూకట్‌పల్లి ఫ్లాట్‌లో, హాల్లోనే వర్కౌట్ చేస్తా. సెట్ అవ్వగానే కాలింగ్ బెల్లో, కింద కూరగాయల బండో, నిమిషం రెస్ట్ కాస్తా ఐదయ్యేది, ఒళ్ళు చల్లబడిపోయేది. ఇప్పుడు ఇంటర్వల్ టైమర్ యాప్ పెట్టి ఫోన్‌ని టీవీ పక్కన నిలబెడుతున్నా, బీప్ ఫుల్ సౌండ్, నోటిఫికేషన్లు ఆఫ్. స్క్వాట్స్, పుషప్స్ 40 సెకన్లు చేసి 20 సెకన్లు రెస్ట్, కొత్తవాళ్ళకి 30-30 చాలు. 20 సెకన్లు చేసి 10 సెకన్లు రెస్ట్ చొప్పున 8 రౌండ్ల టబాటా వర్కౌట్ అని ఒకటి ఉంది, 1996లో జపాన్‌లో ఇజుమి టబాటా టీమ్ దీని మీద రీసెర్చ్ పేపర్ వేసింది, వాళ్ళు దీన్ని ఎక్సర్‌సైజ్ సైకిల్ మీద ఫుల్ స్పీడ్‌లో చేయించారండీ, దాంతో మాత్రం మొదలెట్టొద్దు. బీప్ కోసం తొందరపడి ఫామ్ (చేసే పద్ధతి) పాడు చేసుకోకండి, మోకాళ్ళు లోపలికి వస్తున్నాయంటే రెప్స్ (ఎన్నిసార్లు చేస్తున్నారో ఆ లెక్క) తగ్గించండి, టైమ్ అలాగే ఉంచండి. చివరి 3 సెకన్ల కౌంట్‌డౌన్ కూడా ఆన్ చేసుకోండి, పొజిషన్ తీసుకోడానికి చాలా హెల్ప్ అవుతుంది.