చేపల పొడవు–బరువు లెక్క ఎక్సెల్‌లోనే

సుంకేసుల రిజర్వాయర్ గట్టు మీద చేపలు కొలిచి తెచ్చిన పొడవు, బరువులకు నేరుగా గ్రాఫ్ గీస్తే గీత వంకరగా వస్తుంది. ఏ పద్ధతి వాడాలో అని టెన్షన్ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పనీ లేదు.

ఎక్సెల్ మొదటి కాలమ్ Aలో పొడవు సెంటీమీటర్లలో, Bలో బరువు గ్రాముల్లో పెట్టండి. Cలో పొడవుకు, Dలో బరువుకు ఎల్‌ఎన్ (LN, అంటే సహజ లాగరిథమ్) ఫార్ములా కొట్టండి, దాంతో వంకర గీత తిన్నగా అవుతుంది. తర్వాత ఆ గీత వాలు చెప్పే స్లోప్ (SLOPE) ఫార్ములాలో ముందు D, వెనక C ఇవ్వండి. ఈ వరుస తారుమారైతే జవాబే మారిపోతుంది.

వచ్చిన అంకె మామూలుగా 2.5కీ 3.5కీ మధ్య ఉంటుంది. 3 వస్తే, పొడవు రెట్టింపైన చేప బరువు ఎనిమిది రెట్లవుతుందన్నమాట. మరీ అటూ ఇటూ అయితే ఫార్ములాను అనుమానించకుండా ముందు నోటుబుక్కు తెరవండి. 32 సెంటీమీటర్ల బొచ్చె 45 గ్రాములని ఉందంటే రాసినవాళ్లు ఒక సున్నా మింగేసినట్టే.

ఒకే కన్ను సైజు వలలో పడ్డ చేపలతో మాత్రం ఇది పనిచేయదు. అన్నీ ఒకే పొడవులో ఉంటే స్లోప్‌ను నమ్మలేం. చిన్నవీ పెద్దవీ కలిపి, ఒక్కో రకానికి విడిగా కనీసం యాభై అరవై కొలవండి.