ఇల్లు కొనేముందు దస్తావేజులో ఏం చూడాలి?

దస్తావేజులు రాయడం నా వృత్తి. కొనబోయేవారు ముందుగా ధర చెబుతారు. నేనేమో అమ్మేవారికి ఆ ఆస్తి ఎలా సంక్రమించిందని అడుగుతాను. కాగితంలో మొదట వెతకాల్సింది ఆ వాక్యమే.

స్వార్జితం అని ఉంటే వారు కొన్నప్పటి దస్తావేజు అడగండి. పిత్రార్జితం అని ఉంటే అక్కచెల్లెళ్లు ఎందరో కనుక్కోండి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1986 చట్టంతోనే ఇచ్చింది, కానీ అంతకుముందే పెళ్లయినవారిని వదిలేసింది. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. ‘చెల్లికి కట్నం ఇచ్చి పంపేశాం కదండీ’ అని ఇప్పటికీ ధీమాగా చెబుతుంటారు. కట్నం ఇస్తే వాటా పోదు. ఆమె చేత కూడా సంతకం పెట్టించండి.

తర్వాత షెడ్యూలు. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. పాత కాగితాల్లో ‘తూర్పు: చింతచెట్టు’ అని ఉంటుంది, వెళ్లి చూస్తే చెట్టుండదు. సర్వేయరుతో కొలిపించండి.

ఈసీ, అంటే ఆ ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం తీయండి, కానీ రిజిస్టరు కాని లావాదేవీలు, అసలు కాగితాలు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పులాంటివి, అందులో కనిపించవు. అందుకే నకలుతో సరిపెట్టుకోక అసలు దస్తావేజు చూపించమనండి. ఇంటి పన్ను రసీదు చూసి మురిసిపోవద్దు. అది పన్ను కట్టారనడానికే రుజువు.