ఓరుగల్లులో ఒంటరిగా హాఫ్ మారథాన్ సాధన

హాఫ్ మారథాన్ అంటే దాదాపు 21.1 కిలోమీటర్ల పరుగు. ఆగకుండా 5 కిలోమీటర్లు పరుగెత్తగలిగి, వారానికి నాలుగు ఉదయాలు కేటాయించగలిగినవారు పదహారు వారాల్లో ఆ దూరానికి సిద్ధం కావచ్చు. దానికి కోచ్ ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. అయితే నేను గమనించినంతవరకు ఒంటరిగా సాధన చేసేవారు చాలామంది మధ్యలో ఆగిపోవడానికి కారణం బద్ధకం కాదు, తొందరపాటు. పక్కన ఉండి "ఇవాళ్టికి చాలు" అని ఆపేవారు లేనందువల్ల మొదటి నెలలోనే వేగం పెంచి, పిక్కలూ మోకాళ్లూ నొప్పి పెట్టించుకుని ఇంట్లో కూర్చుంటారు. అందువల్ల ఇక్కడ చెప్పే పద్ధతి అంతా మిమ్మల్ని మీరు అదుపులో పెట్టుకోవడానికి ఉద్దేశించినదే. నలభై ఏళ్లు దాటినవారు, బీపీ, షుగర్ ఉన్నవారు, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉన్నవారు మాత్రం ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి.

మొదట తేల్చుకోవలసింది ఏ నెలలో పోటీకి వెళ్లాలన్నది. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివరలో జరుగుతుంది; మనకు దగ్గర కాబట్టి అందరి చూపూ దానిమీదే పడుతుంది. కానీ అక్కడినుంచి పదహారు వారాలు వెనక్కి లెక్కిస్తే సాధన మే నెలలో మొదలవుతుంది, రోళ్లు పగిలే రోహిణి కార్తె తొలి వారాల్లోనే ఎదురవుతుంది. తెల్లవారుజామున కూడా ఉక్క తగ్గని ఆ రోజుల్లో కొత్తవారు శరీరాన్ని కష్టపెట్టడం మంచిది కాదని నా అభిప్రాయం. దానికి బదులు జనవరి మూడో ఆదివారం జరిగే ముంబై మారథాన్‌లోని హాఫ్ విభాగాన్ని ఎంచుకుంటే సాధన సెప్టెంబరు చివర మొదలవుతుంది, పొడవైన పరుగులన్నీ నవంబరు, డిసెంబరు చలి ఉదయాల్లో పడతాయి. వరంగల్ ప్రాంతంలో పరుగెత్తడానికి అంతకంటే మంచి కాలం లేదు.

ఇక అసలు విషయం వేగం. వారంలో చేసే పరుగులో ఎక్కువ భాగం, ఇంచుమించు ఐదింట నాలుగు వంతులు, నెమ్మదిగానే సాగాలి. పక్కన మనిషితో మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగమే సరైన వేగమని కోచ్‌లు చెబుతారు. ఒంటరిగా ఉన్నవారికి మాట్లాడే తోడు ఉండదు కాబట్టి, బడిలో కంఠస్థం చేసిన ఒక శతక పద్యాన్ని రెండో కిలోమీటరు దాటాక పైకి చదివి చూసుకోవాలి. ఒక్కో పాదాన్ని మధ్యలో ఊపిరి తీయకుండా చదవగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. పాదం సగంలోనే గొంతు తెగితే వెంటనే తగ్గించాలి, అవసరమైతే నడవాలి. దీనికి గట్టి కారణం ఉంది. ఊపిరితిత్తులూ గుండే కొద్ది వారాల్లోనే శ్రమకు అలవాటు పడతాయి గానీ, ఎముకలూ, కండరాలను ఎముకలకు కలిపే స్నాయుబంధాలూ గట్టిపడటానికి నెలలు పడుతుంది. నాలుగో వారానికల్లా ఆయాసం తగ్గి ఉత్సాహం పెరుగుతుంది, కాళ్లు మాత్రం ఇంకా సిద్ధమై ఉండవు. చాలా గాయాలు మొదలయ్యేది ఈ వ్యవధిలోనే.

వారంలో మంగళ, గురు, శనివారాల్లో 4 నుంచి 6 కిలోమీటర్ల చిన్న పరుగులు, ఆదివారం ఒక పొడవైన పరుగు పెట్టుకుంటే చాలు. ఆదివారపు దూరాన్ని మొదటి వారం 8 కిలోమీటర్లతో ప్రారంభించి, వారానికి ఒక కిలోమీటరు చొప్పున మూడో వారం దాకా పెంచి, నాలుగో వారం మళ్లీ 8కి తగ్గించాలి. ఆ తరువాత 11, 12, 13 పరుగెత్తి 10కి, మళ్లీ 14, 15, 16 పరుగెత్తి 12కి దిగాలి. పదమూడు, పద్నాలుగు వారాల్లో 18 చొప్పున పరుగెత్తితే పోటీకి కావలసిన బలం వచ్చినట్టే. సాధనలో 21 కిలోమీటర్లు పూర్తిచేయవలసిన పని లేదు. తగ్గించే వారాలను ఎవరూ ఇష్టపడరు, కానీ కాళ్లు కోలుకుని గట్టిపడేది ఆ వారాల్లోనే కాబట్టి వాటిని దాటవేయకూడదు. ఆరో వారం తరువాత గురువారం పరుగులో మాత్రం కొంత వేగం చేర్చవచ్చు.

ఆ వేగపు పరుగుకు హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోని సింథటిక్ ట్రాక్ తగిన చోటు. 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు ఇక్కడే జరిగాయి; హర్‌మిలన్ బైన్స్ మహిళల 1500 మీటర్ల పరుగును 4 నిమిషాల 5.39 సెకన్లలో ముగించి, 2002 నుంచి నిలిచి ఉన్న జాతీయ రికార్డును ఈ ట్రాక్ మీదే దాటింది. లోపలి లేన్‌లో ఒక చుట్టు 400 మీటర్లు కాబట్టి రెండు చుట్లు వేగంగా, ఒక చుట్టు నడకలాంటి పరుగుగా నాలుగైదు సార్లు చేస్తే సరిపోతుంది. పొడవైన పరుగుకు మాత్రం ట్రాక్ పనికిరాదు, ఎప్పుడూ ఒకే వైపు తిరగడం వల్ల ఒక కాలిమీద భారం ఎక్కువ పడుతుంది. చిన్న పరుగులకు భద్రకాళి చెరువు కట్ట, యూనివర్సిటీ రోడ్లు బాగుంటాయి. ముంబై దారిలో చివరి భాగంలో పెద్దర్ రోడ్‌లో ఎత్తు ఎక్కవలసి ఉంటుంది కాబట్టి, నెలకు రెండుసార్లయినా ఖాజీపేట ఫాతిమానగర్ వంతెన ఎక్కి దిగే దారిని వాహనాల రద్దీ మొదలుకాకముందే ఎంచుకోవాలి. చీకట్లో ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడివైపున పరుగెత్తాలి, వెళ్లే దారి ఇంట్లో చెప్పి వెళ్లాలి. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నిదానంగా నడవడమే మంచిది.

కోచ్ లేని లోటు తీర్చేది నోటుబుక్కు. యాప్ దూరాన్నీ వేగాన్నీ లెక్కపెడుతుంది గానీ శరీరం చెప్పిన మాట రాసిపెట్టదు. "బుధవారం రాత్రి నిద్ర 5 గంటలు. గురువారం 6 కి.మీ., 45 నిమిషాలు. ఎడమ పిక్క రెండో కిలోమీటరులో పట్టింది, తరువాత వదిలింది" అని ఒక్క వాక్యం రాసినా చాలు. అదే పిక్క మరో రెండుసార్లు పేజీలో కనబడితే ఆ వారం దూరం తగ్గించాలి. పరుగు మొదట్లో ఉండి క్రమంగా సర్దుకునే నొప్పికి భయపడనవసరం లేదు. పరుగెత్తేకొద్దీ పెరిగే నొప్పి, ముంగాలి ఎముకమీద వేలు పెట్టి చూపించగలిగేలా ఒకే చోట ఉండే నొప్పి వేరు. అది ఎముకలో సన్నని పగులుకు సూచన కావచ్చు కాబట్టి పరుగు ఆపేసి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నీళ్లు ఎంత తాగాలన్నది మనిషిని బట్టి మారుతుంది, దాన్ని ఇంట్లోనే తెలుసుకోవచ్చు. గంట పరుగుకు ముందూ తరువాతా, చెమట బట్టలు తీసేసి బరువు చూసుకోండి. 64 కిలోలు 62.9కి తగ్గి, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగి ఉంటే గంటకు 1.4 లీటర్ల చెమట పోయిందన్నమాట. పోయినదంతా పరుగులోనే భర్తీ చేయనక్కరలేదు, దాహానికి తగ్గట్టు తాగాలి. అతిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణానికే ముప్పు వస్తుంది. ఓఆర్ఎస్ పొడి వాడితే ప్యాకెట్ మీద రాసినంత నీటిలోనే కలపాలి. గంటన్నర మించిన పరుగుల్లో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అవసరం. ఒక అరటిపండు, నాలుగైదు ఖర్జూరాలు ఆ అవసరాన్ని తీరుస్తాయి. పల్లిపట్టి పరుగు తరువాతకు బాగుంటుంది, పరుగులో నూనె గింజలు తొందరగా అరగవు.

బూట్లకు పెద్ద ధర పెట్టనక్కరలేదు, సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొలత చూసి బొటనవేలి ముందు కొంచెం ఖాళీ ఉండేలా తీసుకోవాలి. వారానికి రెండుసార్లు మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి దించడం, గుంజీళ్లు తీయడం చేస్తే పిక్కలూ తొడలూ నిలబడతాయి.

చివరి రెండు వారాల్లో దూరం సగానికి తగ్గించాలి. సరిగ్గా అప్పుడే సంక్రాంతి వస్తుంది. సకినాలు, అరిసెలు రుచి చూడవచ్చు గానీ, నూనె వంటలతో కడుపు బరువెక్కనివ్వకూడదు; పోటీకి ముందు రెండు రోజులు అన్నం, పప్పు, పెరుగు వంటి అలవాటైన తిండే తినాలి. పతంగుల మాంజా రోడ్లకు అడ్డంగా మెడ ఎత్తున వేలాడే రోజులు కూడా అవే కాబట్టి, ఆ వారం పరుగు స్టేడియంలో పెట్టుకోవడం క్షేమం.

పోటీనాడు కొత్త బూట్లు, కొత్త తిండి పనికిరావు. మొదటి 3 కిలోమీటర్లు వెనకవాళ్లందరూ దాటిపోతున్నా పట్టించుకోకుండా ఆదివారపు వేగంతోనే సాగాలి. బలం మిగిలి ఉంటే పదిహేనో కిలోమీటరు తరువాత పెంచవచ్చు. ముగిశాక వెంటనే కూర్చోకుండా పది నిమిషాలు నడవాలి. తరువాతి వారమంతా నడక తప్ప పరుగు వద్దు. మెట్లు దిగేటప్పుడు తొడలు పట్టేయడం పూర్తిగా తగ్గాక 3 కిలోమీటర్ల నెమ్మది పరుగుతో మళ్లీ మొదలుపెట్టవచ్చు.